ఏలీయా బెల్లం నీళ్ళు

దివిసీమలో మినుముకి పురుగు పడితే రైతు ముందు మందుల కొట్టుకి వెళ్ళడు, ఏలీయాకి ఫోన్ చేస్తాడు. ఏ మందు, ఎంత మోతాదు అన్నవి తర్వాతి సంగతులు. ఏలీయా ఏ రోజు ఖాళీ అన్నదే మొదటి ప్రశ్న. మందు ఎవరు కొట్టినా అదే మందు కదా అని కొత్తవాళ్ళెవరైనా అంటే, "అదే మందు కాదండీ, ఏలీయా చేతి మందు" అని సరిదిద్దుతారు.

చేతిలో ఏమీ లేదు. ఉన్నదంతా డబ్బాలో. పాత రంగు డబ్బా, మూతికి గుడ్డ, లోపల నల్లబడ్డ బెల్లం కరిగించిన నీళ్ళు. ప్రతి ట్యాంకులోనూ ఏలీయా ఒక చెంబుడు పోస్తాడు, అదీ రైతు అటు తిరిగినప్పుడు. ఈ సంగతి తెలిసింది ప్రపంచంలో ఇద్దరికే. ఒకరు ఏలీయా, రెండోవారు ఆయన భార్య వెంకాయమ్మ.

ఏలీయాకి యాభై ఎనిమిదేళ్ళు. మోపిదేవి దాటాక కాలువ గట్టున ఉన్న చిన్న పాలెం ఆయనది. పందొమ్మిదో ఏట చేతిపంపు భుజానికి తగిలించుకున్నాడు, తర్వాత బ్యాటరీది, ఇప్పుడు పెట్రోలు ఇంజనుతో నడిచే తైవాన్ స్ప్రేయరు. పంపులు మారాయి కానీ మనిషి పద్ధతి మారలేదు. మూతికి తువ్వాలు, కాళ్ళకి ఏమీ లేదు. మందు కొట్టిన రోజూ, ఆ మర్నాడూ అన్నం మట్టిలా ఉంటుంది. గోళ్ళు ఎప్పుడో పసుపుపచ్చగా తిరిగిపోయాయి. అయినా "ఈ చుట్టుపక్కల మందు కొట్టడంలో నా తర్వాతే ఎవరైనా" అన్న మాట ఒకటి ఆయన్ని నిటారుగా నడిపిస్తుంది. జీవితమంతా ఇంకొకడి చేలో పని చేసినవాడికి పనితనం తప్ప సొంత ఆస్తి ఏముంటుంది?

ఆ బెల్లం కిటుకు నూజివీడు వైపు ఒక మామిడితోట నుంచి పట్టుకొచ్చాడు. అప్పటికి ముప్పై ఏళ్ళవాడు. అక్కడొక ముసలాయన పండు ఈగ కోసం కొబ్బరి చిప్పల్లో మందూ బెల్లమూ కలిపి చెట్లకి వేలాడదీసేవాడు. తెల్లారేసరికి చిప్పనిండా ఈగలు. ఏలీయా ఆలోచించాడు: ఈగ తీపికి వస్తే మిగతా పురుగు మాత్రం రాదా? చదువుకున్నవాళ్ళు దీన్ని తొందరపాటు అంటారు. పొలంలో దీని పేరు అనుభవం.

ఫలితం మాత్రం కళ్ళకి కట్టినట్టు ఉండేది. ఏలీయా కొట్టిన చేలో ఆ సాయంత్రానికి రాలిన పురుగు గట్ల మీద కనిపించేది. రైతులు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్ళు. రాలినదాంట్లో మినుముని తినేదెంత, మిగతాదెంత అని వంగి చూసినవాడు లేడు. మినుము పూతని తినే పురుగు పూలని అల్లుకుని ఆ గూట్లోనే చస్తుంది. గట్టు మీదికొచ్చి తన శవాన్ని ప్రదర్శనకి పెట్టదు. మరి గట్టు మీద రాలిందేమిటి? ఎవరికి కావాలి? రాలింది కదా!

వెంకాయమ్మ కథ వేరు. నలభై ఏళ్ళు నాట్లేసింది. మోకాళ్ళు అరిగిపోయాయి. నాలుగేళ్ళ కిందట, ఇక వంగలేక, శేషగిరిరావు గారిని గట్టు అడిగింది. ఆయనకి అక్కడ తొమ్మిదెకరాలు ఉంది, కాపురం బందరులో. వరి కోశాక మినుము, మినుము అయ్యాక ఖాళీ. చేను పక్కన కాలువ గట్టు పొడుగునా కంప మొలిచి పడి ఉండేది.

"తీసుకో వెంకాయమ్మా, దానికి అడగడమెందుకు? పాముల బాధ తగ్గుతుంది" అన్నాడాయన.

గట్టు బాగుచేసి వెంకాయమ్మ బూడిద గుమ్మడి పెట్టింది. మంగినపూడి నుంచి చిరిగిన చేపల వలలు తెప్పించి, వెదురు కర్రల మీద పరిచి, తీగని పాకించింది. కాయలు ఆటోలో బందరు వెళ్ళేవి. గృహప్రవేశాలకి, కొత్త షాపులకి, కొత్త కార్లకి. ఎండాకాలం వస్తే వడియాలకి. పాస్టరు గారు ఒక ఆదివారం మెల్లగా కదిపారు, దిష్టికాయలు పండించడమేమిటమ్మా, మనం నమ్మినవాళ్ళం కదా అని.

"నేను అమ్మేది గుమ్మడికాయండీ అయ్యగారూ. కొనుక్కెళ్ళి వండుకుంటారో నేలకేసి కొట్టుకుంటారో నాకెందుకండీ?" అంది వెంకాయమ్మ. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మొన్న బూడిద గుమ్మడి వడియాలు కావాలని పాస్టరమ్మగారే కబురు పెట్టింది.

మొదటి రెండేళ్ళూ కాయ విరగకాసింది. మూడో ఏడు సగమైంది. ఈ జనవరిలో తీగ నిండా పూత, పూత కింద పిందె, పిందె నిమ్మకాయంత కాగానే పసుపుపచ్చబడి, మెత్తబడి, రాలిపోవడం. పొద్దున్నే వల కింద చెయ్యి పెడితే రాలిన పిందెలే.

"ఎవరి కళ్ళో పడ్డాయి వదినా" అంది పక్కింటి సరోజిని.

"దిష్టి తీసే కాయకే దిష్టి తగిలితే ఇక దానికేం కట్టాలే, నన్ను కట్టాలా?" అని నవ్వింది వెంకాయమ్మ. కానీ ఆ రోజు ఇంటికొచ్చి మొగుడి ముందు కూలబడింది.

"ఏవయ్యా, ఈ ఏడు కాయ పట్టకపోతే నేను మళ్ళీ నాట్లకెళ్ళాలి. చెప్తున్నా. ఈ మోకాళ్ళతో రెండు రోజులు నాటితే మూడో రోజు నన్ను మంచం మీద మోసుకురావాలి."

ఏలీయాకి తెలిసిన వైద్యం ఒకటే. "పురుగే. నేను చూస్తాలే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, పువ్వులన్నీ విచ్చుకుని ఉండగా, తీగ మొత్తం తడిసేలా కొట్టాడు. పెళ్ళాం తోట కదా, ట్యాంకుకి రెండు చెంబులు పోశాడు. వారం తిరిగేసరికి పిందెలు ఇంకా ఎక్కువ రాలాయి. మందు మార్చి మళ్ళీ కొట్టాడు. ఈసారి మూడు చెంబులు. అంత ప్రేమగా ఒక మనిషి ఇంకో మనిషికి నష్టం చెయ్యడం అరుదు.

ఆ రోజుల్లోనే పాలెంలో ఖాళీగా ఉన్న శేషగిరిరావు గారి మేడ మీద యశస్విని దిగింది. వ్యవసాయ కాలేజీలో ఆఖరి ఏడు. వాళ్ళ చదువులో కొన్నాళ్ళు పల్లెలో ఉండి రైతులతో తిరగాలట. గుడివాడ పిల్ల, మాట చురుకు. బురదకి భయపడదు. వచ్చిన మూడో రోజు పొద్దున మంచులోనే గట్టు మీదికి వచ్చింది. వెంకాయమ్మ రాలిన పిందెలు ఏరుతోంది, ఏలీయా పంపు కడుగుతున్నాడు.

"పిన్నిగారూ, ఒకటి కోసి చూడనా?"

"చూడమ్మా. కూరకి కూడా పనికిరావు."

యశస్విని బ్లేడుతో పిందెని నిలువునా చీల్చింది. ఇంకోటి. ఇంకోటి. లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది.

"పురుగు లేదండీ బాబాయ్ గారూ. చూడండి. గింజ కట్టనే లేదు."

"గింజ లోపలి పురుగు తినేసుంటది" అన్నాడు ఏలీయా.

"తింటే కన్నం ఉండాలిగా? ఇది ఆడపువ్వు కదండీ, దీనికి మగపువ్వు పుప్పొడి అందలేదు. అందకపోతే పిందె ఇలాగే రాలిపోతుంది. ఇక్కడ తుమ్మెదలు లేవా?"

"తుమ్మెదలకేం కరువమ్మా! మా గొడ్ల పాక వెదుళ్ళన్నీ తొలిచి పెట్టాయి. పొద్దున్నే ఝుమ్మని ఒకటే గోల."

"ఇప్పుడుందా ఆ గోల?"

ఏలీయా పంపు కడగడం ఆపాడు. వెంకాయమ్మ చెప్పింది. "నిరుటి నుంచీ లేదమ్మా. నేనే అనుకున్నాను, చెవులు మందగించాయేమోనని."

యశస్విని గట్టు మీదే గొంతుక్కూర్చుని చెప్పింది. చలి దేశాల్లో బంబుల్ బీ అని ఒకటుంటుందట. బొద్దుగా, ఒళ్ళంతా నూగు. మన తుమ్మెదకి దూరపు చుట్టం. పంటల మందులు దాన్ని ఏం చేస్తాయో అక్కడ ఏళ్ళ తరబడి చూశారు. ఎక్కువ తగిలితే చస్తుంది, అది అందరికీ తెలుసు. కొంచెం తగిలితే చావదు. గూటికి దారి మర్చిపోతుంది. తెచ్చే పుప్పొడి తగ్గుతుంది. గూట్లో కొత్త రాణులు తక్కువ పుడతాయి. ఈ ఏడు బాగానే కనబడుతుంది, పై ఏడు ఉండదు.

"మన తుమ్మెద మీద అంత పని ఎవరూ చెయ్యలేదండీ. దానికైనది దీనికీ అవుతుందనే అనుకోవాలి."

"అయితే మందులు మానెయ్యమంటావు" అన్నాడు ఏలీయా. గొంతులో కారం. అలాంటి మాటలు ఆయన మీటింగుల్లో బోలెడు విన్నాడు. ఏసీ కారు దిగి, భూమితల్లి గురించి గంట మాట్లాడి, భోజనాలయ్యాక ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర.

"నేననలేదు బాబాయ్ గారూ. మానేస్తే మినుము పురుగు పాలవుతుంది, నాకు తెలీదా? ఎప్పుడు కొడుతున్నారు అని అడుగుతున్నాను."

"మంచు ఆరగానే. ఎనిమిదీ, తొమ్మిదీ. ఎప్పుడూ అంతే."

"తుమ్మెద మేతకొచ్చే వేళ కూడా అదేనండి."

ఏలీయా పంపు భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. చిన్నపిల్ల ముందు ఓడిపోవడం కాదు బాధ. మూడు చెంబులు గుర్తొచ్చాయి.

రెండు రోజుల తర్వాత శేషగిరిరావు గారి మినుముకి మందు. తొమ్మిదెకరాలూ పూత మీదుంది. ఏలీయా ఎప్పట్లాగే ట్యాంకు నింపి, అటూ ఇటూ చూసి, చెంబుడు పోశాడు. రెండు సాళ్ళు కొట్టి వెనక్కి తిరిగేసరికి తడిసిన ఆకు మీద నల్లగా ఏదో మెరిసింది. తుమ్మెద. రెండు బారల దూరంలో అంత పసుపు పూత ఉండగా పువ్వు వైపు పోకుండా, ఆకు మీది చుక్కలో మూతి పెట్టి తాగుతోంది. ఆ చుక్క అయ్యాక ఇంకో చుక్క. తీపి దొరికినవాడి తీరిక.

ఇంజను ఆపేశాడు. నలభై ఏళ్ళ పనిలో ఏలీయా పురుగు చావడం నిలబడి చూసింది అదే మొదటిసారి. మందు కొట్టేవాడు వెనక్కి తిరిగి చూడడు, ముందుకే నడుస్తాడు.

తుమ్మెద ఎగిరింది. జానెడు లేచి, పక్కకి ఒరిగి, మినుము మొక్కని గుద్దుకుని కింద పడింది. మళ్ళీ లేచింది. ఈసారి గట్టు వైపు, గుమ్మడి పందిరి వైపు వెళ్ళింది. వెదురు కర్రకి తగిలింది. వెల్లకిలా పడి, కాళ్ళు ఆడిస్తూ, ఒకే చోట బొంగరంలా తిరిగింది. ఏలీయా దాన్ని పుల్లతో తిప్పి నిలబెట్టాడు. నాలుగడుగులు నడిచి మళ్ళీ వెల్లకిలా పడింది.

అప్పుడు వంగి చూశాడు. గట్టు వెంట, ఎవరూ వంగి చూడని చోట, గడ్డిలో. చిన్న తేనెటీగలు. నీలిచారల ఈగలు. ఎండిపోయిన తుమ్మెదలు రెండు. రైతులు ఫోటోలు తీసుకున్న ఘనత.

ట్యాంకులో ఇంకా సగం ఉంది. ఎకరం కూడా కాలేదు. పంపు దించి గట్టు మీద పెట్టాడు. బెల్లం మానేస్తే చాలు, ఎవరికీ చెప్పక్కర్లేదు. గుట్టుగా మొదలైంది గుట్టుగా పోతుంది. కానీ పొద్దున కొట్టడం మానాలంటే శేషగిరిరావుకి కారణం చెప్పాలి. కారణం చెబితే బెల్లం బయటికి రావాలి. బెల్లం బయటికి వచ్చాక, ఏలీయా చేతిలో ఏమీ లేదని దివిసీమంతా తెలుస్తుంది.

ముందు వెంకాయమ్మకి చెప్పాడు, అన్నం దగ్గర. ఆమె ముద్ద నోట్లో పెట్టుకోబోయి దించేసింది.

"నా తీగ మీద కూడా పోశావా?"

"మూడు చెంబులు."

"ఓరి నీ బెల్లం పాడుగాను! పాయసం చేసినట్టు చేశావు కదయ్యా!" అంది. మొగుడి మొహం చూసింది. ముద్ద మళ్ళీ కలుపుకుంటూ అంది, "నేనూ కలిపి ఇచ్చానుగా. పొయ్యి మీద పెట్టి కరిగించింది నేనే."

సాయంత్రం శేషగిరిరావు గారు బందరు నుంచి చేలోకొచ్చారు. చేను అంతా అలాగే ఉంది. పంపు గట్టు మీదుంది.

"ఏమయ్యా ఏలీయా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందండి. ఇక మీదట పొద్దున్న కొట్టనండి. సాయంత్రం నాలుగు దాటాక కొడతాను. పూలు ముడుచుకున్నాక."

"అదేం కొత్త సాంప్రదాయం?"

ఏలీయా చెప్పాడు. తుమ్మెద దగ్గర మొదలెట్టి మామిడితోట దాకా వెనక్కి వెళ్ళాడు. శేషగిరిరావు గారు మొదట నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

"ముప్పై ఏళ్ళ నుంచీ మా చేలో పురుగులకి పానకం పోస్తున్నావా? నేనేమో మా బావమరిదికి చెప్పుకుంటూ తిరుగుతున్నాను, మా ఏలీయా చెయ్యి పెడితే పురుగు బతకదని!"

"చచ్చినవి మీ పురుగులు కావండి. నా ఇంటిదాని తోటకి కాయ పట్టించేవండి."

నవ్వు ఆగింది. శేషగిరిరావు గారు చెడ్డవాడు కాదు. లెక్క తెలిసినవాడు. మినుముకి తుమ్మెదతో పెద్ద పనిలేదు, దాని పువ్వు దానంతట అదే కాయ కడుతుంది. తుమ్మెద ఉన్నా పోయినా ఆయన చేను ఆయనకి పండుతుంది. పోయేది గట్టు మీది ఆడమనిషికే. అలాంటి నష్టం పెద్ద రైతు కంటికి ఎప్పుడూ కనపడదు, కనపడనక్కర్లేదు కూడా.

"సాయంత్రమంటే తొమ్మిదెకరాలు ఎన్ని రోజులు కొడతావయ్యా? చీకటి పడిపోదూ?"

"నాలుగు సాయంత్రాలండి."

"నాలుగు సాయంత్రాలు! పురుగు నీకోసం కూర్చుంటుందా? గుడివాడ నుంచి డ్రోన్ పిలిస్తే ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. నీ చేతి మీద నమ్మకంతో ఇన్నాళ్ళూ పిలవలేదు. ఇప్పుడు నువ్వే అంటున్నావు, చేతిలో ఏం లేదని." ఆయన చెప్పుల బురద గడ్డికి రాసుకున్నారు. "నేనేం చెయ్యను చెప్పు?"

ఏలీయా ఒక్కటే అడిగాడు. "డ్రోనైనా సాయంత్రమే కొట్టమనండి. గట్టు పక్క రెండు సాళ్ళు వదిలేయమనండి."

"అది చెప్తాలే" అన్నారు శేషగిరిరావు గారు. చెప్పారు కూడా. మూడో రోజు సాయంత్రం డ్రోన్ వచ్చింది. ఏలీయా చూడ్డానికి వెళ్ళలేదు.

తుమ్మెదలు రేపటికి రావు. వెదుళ్ళలో మిగిలిన ఒకటీ అరా పిల్లల్ని పెడితే పై ఏటికి కొన్ని రావచ్చు, రాకపోవచ్చు. యశస్విని దాచిపెట్టకుండా చెప్పింది. "ఈ ఏటికి మాత్రం మీరే తుమ్మెదలు కావాలి పిన్నిగారూ."

అది పెద్ద విద్యేమీ కాదు. తెల్లవారుజామున విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, మధ్యనున్న పుప్పొడి కాడని ఆడపువ్వు లోపల అద్దాలి. ఎండ ముదిరితే పువ్వు వాడిపోతుంది, ఇక అద్దినా ఉపయోగం లేదు. ఒక్కో మగపువ్వు మూడు ఆడపువ్వులకి సరిపోతుంది.

మొదటి రోజు ఏలీయా పెద్ద చేతులతో ఆడపువ్వునే విరిచేశాడు.

"ఒత్తకయ్యా! పంపు హ్యాండిల్ అనుకున్నావా? అలా ముట్టుకోవాలి, అంతే."

"ముట్టుకుంటే అంటుతుందా?"

"తుమ్మెదకి నీ అంత బలం ఉందా? దానికి అంటలేదూ?"

నాలుగు రోజులకి చెయ్యి కుదిరింది. వెంకాయమ్మ మోకాళ్ళు సహకరించవు కాబట్టి పందిరి పై భాగం ఆవిడది, నిలబడి చేసేది. కింద పాకిన తీగ ఏలీయాది. పొద్దున్నే ఆయన మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్తుంటే గట్టున పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

"ఏం బావా, తుమ్మెద ఉద్యోగంలో చేరావంట! జీతమెంత?" అన్నాడు ఒకడు.

"నువ్వూ వస్తావా? ఖాళీలున్నాయి" అన్నాడు ఏలీయా, తల ఎత్తకుండా.

పదో రోజుకి మొదట అద్దిన పిందెలు కొన్ని రాలాయి. కొన్ని నిలబడ్డాయి. నిలబడ్డవి కోడిగుడ్డంత అయ్యి, గుడ్డు దాటి, నూగు పట్టాయి. వెంకాయమ్మ వాటిని ముట్టుకోదు, ఎవర్నీ వాటికేసి వేలు చూపించనివ్వదు. దిష్టి నమ్మకం లేని మనిషివి కదా అంటే, "నమ్మకం కాదు, జాగ్రత్త" అంటుంది. నాట్ల ముఠా మేస్త్రి వచ్చి రెండో పంట దాళ్వా నాట్లకి వస్తావా అని అడిగితే మాత్రం రానని చెప్పేసింది. ఆ నాలుగు పిందెల ధైర్యంతోనే.

ఆ పొద్దున ఏలీయా ఒలిచిన పువ్వు చేతిలో పట్టుకుని ఉండగా ఫోన్ మోగింది. పెదపారుపూడి నుంచి ఒక రైతు, గంగాధరరావట. ఎవరో ఏలీయా పేరు చెప్పారట. మినుము పురుగుతో పోతోంది, రేపు పొద్దున్నే రాగలరా?

"సాయంత్రమైతే వస్తానండి. పూత మీద పొద్దున్న కొట్టను."

"సాయంత్రమా? సరే, ఏదోకటి. మీ చెయ్యి మంచిదన్నారు, మీరు కొడితే పురుగు గట్టు మీద రాలిపోతుందంట కదా?"

ఏలీయా వెంకాయమ్మ వైపు చూశాడు. ఆవిడ వినడం లేదు, పందిరి మీద చేతులు పెట్టి ఆకుల మధ్య పువ్వులు వెతుకుతోంది.

"ఒకప్పుడు రాలిపోయేదండీ. ఇప్పుడు రాలదు. నేను అందులో బెల్లం కలిపేవాణ్ణి, మానేశాను."

"బెల్లమా?"

"బెల్లమేనండి. దాని వాసనకి తుమ్మెదలూ తేనెటీగలూ వచ్చి తాగి చచ్చేవి. మీరు విన్నది వాటి గురించి. మందు అందరిలాగే కొడతాను నేను. మీ పురుగు చస్తుంది, కానీ మీకు కనపడదు."

అవతల ఎవరితోనో ఏదో అంటున్నట్టు వినిపించింది. "సరేనండీ, అయితే మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాడు గంగాధరరావు.

"ఎవరు?" అంది వెంకాయమ్మ.

"పెదపారుపూడి."

"వెళ్తున్నావా?"

"మళ్ళీ చేస్తానన్నాడు."

ఆ మాటకి అర్థం ఇద్దరికీ తెలుసు. వెంకాయమ్మ ఆకు పక్కకి తప్పించి, అప్పుడే విచ్చిన ఒక ఆడపువ్వుని చూపించింది. కాలువ అవతల పొద్దు కొబ్బరిచెట్ల మీదికి ఎక్కుతోంది. ఏలీయా ఫోన్ జేబులో వేసుకుని, మోకాళ్ళ మీద ముందుకు జరిగాడు.